ఉపాధ్యాయుడిగానే బ్రతికిన రాష్ట్రపతి – డాక్టర్ జాకీర్ హుస్సేన్

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 5వ తేదీన మన బడుల్లో ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటాం. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి పూలమాల వేస్తాం. పెద్ద తరగతి పిల్లలు ఆ ఒక్కరోజు టీచర్లయి చిన్న తరగతులకు పాఠాలు చెప్తారు. ఇదంతా చాలా సంతోషమైన విషయమే. అయితే రాధాకృష్ణన్ గారి తరువాత మొదట ఉపరాష్ట్రపతి పదవిలోనూ, ఆపైన రాష్ట్రపతి పదవిలోనూ కూర్చున్నవారు కూడా బడిపంతులేనని, పైగా వారు పుట్టింది మన హైదరాబాదులోనేనని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పిల్లల సంగతి అటుంచి, పెద్దల్లోనే చాలామంది డాక్టర్ జాకీర్ హుస్సేన్ అనగానే మన దేశపు తొలి ముస్లిం రాష్ట్రపతి అని ఒక ముక్క చెప్పి ఊరుకుంటారు. ఆయన రాష్ట్రపతిగా ఉన్నది రెండేళ్ళకు పది రోజులు తక్కువ. బడి నడిపింది ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండేళ్ళ సంగతే ఈ సావనీరు పాఠకులకు నాలుగు మాటల్లో చెప్పాలని మా ఉద్దేశం.

మేము ఉర్దూ మీడియం హైస్కూల్లో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. స్టాఫ్ రూంలో నలుగురం కూర్చుంటే మాట్లాడుకునేది ఏముంటుంది? డి.ఎ. బకాయిలు, బదిలీలు, భర్తీకాని పోస్టులు, పాఠం కంటే ఎక్కువైపోయిన రిజిస్టర్లు. ఇవన్నీ నిజమైన బాధలే, కాదనం. కానీ ఇదే వృత్తిలో, ఇంతకంటే ఎంతో కష్టమైన రోజుల్లో, కొందరు ఉస్తాదులు జీతం సరిగా అందకపోయినా బడి వదిలిపోకుండా ఏళ్ళ తరబడి నిలబడ్డారు. వాళ్ళను నిలబెట్టింది ఏమిటన్నది మేము చాలాకాలంగా ఆలోచిస్తున్న ప్రశ్న. జాకీర్ సాహెబ్ జీవితం చదివితే దానికి కొంత జవాబు దొరుకుతుంది.

బాల్యము, చదువు

జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారి పూర్వీకులు ఉత్తరప్రదేశ్ లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్ పఠాన్లు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ హైదరాబాదు వచ్చి వకీలు వృత్తిలో మంచి పేరు, డబ్బు సంపాదించారు. ఏడుగురు అన్నదమ్ముల్లో జాకీర్ మూడోవాడు. తమ్ముళ్ళలో ఒకరైన యూసుఫ్ హుస్సేన్ ఖాన్ తరువాతి కాలంలో మన ఉస్మానియా యూనివర్సిటీలో ప్రొఫెసరుగా పనిచేశారు.

జాకీర్‌కు పదేళ్ళు నిండేసరికి తండ్రి పోయారు. కుటుంబం తిరిగి ఖాయంగంజ్ చేరింది. పిల్లవాణ్ణి ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు హాస్టలులో చేర్చారు. 1911లో ప్లేగు వచ్చి తల్లి నాజ్నీన్ బేగం కూడా కన్నుమూశారు. తల్లి, తండ్రి లేని ఆ పిల్లవాడికి ఇటావా బడే ఇల్లయింది, అక్కడి హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారే పెద్దదిక్కయ్యారు. మంచి హెడ్మాస్టరు చేతిలో పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక తానే మంచి హెడ్మాస్టరవుతాడని మా నమ్మకం. జాకీర్ సాహెబ్ విషయంలో అది అక్షరాలా నిజమైంది.

1913లో అలీఘర్ కాలేజీలో చేరారు. మొదట డాక్టరీ చదవాలనుకుని లక్నో వెళ్ళారు గాని అనారోగ్యం వల్ల అది సాగలేదు. మళ్ళీ అలీఘర్ వచ్చి అర్థశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. పై చదువు చదువుకుంటూనే కాలేజీలో పాఠాలు కూడా చెప్పేవారు. చేతిలో చదువు ఉంది, మాటకారితనం ఉంది, ఎదురుగా ప్రభుత్వోద్యోగం ఉంది. ఇంకొకరైతే ఆ దారినే పోయేవారు.

బడి పుట్టుక

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీఘర్ వచ్చి ప్రభుత్వ సహాయంతో నడిచే కాలేజీలను వదిలి రమ్మని విద్యార్థులను పిలిచారు. వదిలి వచ్చినవారు చదువు మానేసి వీధుల్లో తిరగాలా అన్నది జాకీర్ హుస్సేన్ వంటివారికి వచ్చిన సందేహం. మన చదువు మనమే నిలబెట్టుకోవాలని వారు పట్టుబట్టారు. అలా 1920 అక్టోబరు 29న అలీఘర్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైంది. హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ దానికి మొదటి అమీర్, మౌలానా మొహమ్మద్ అలీ జౌహర్ మొదటి వైస్ ఛాన్సలర్. జాకీర్ హుస్సేన్ అక్కడ ఉపాధ్యాయుల్లో ఒకరుగా చేరిపోయారు.

1922లో ఆయన పై చదువుకు జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ యూనివర్సిటీలో భారతదేశ వ్యవసాయ ఆర్థిక పరిస్థితి మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. పుస్తకాల చదువు ఒక్కటే చాలదు, పిల్లవాడు చేతులతో పని చేస్తూ నేర్చుకోవాలి అని చెప్పిన కెర్షెన్‌స్టైనర్ అనే జర్మన్ విద్యావేత్త భావాలు అక్కడే ఆయన మనసుకు పట్టాయి. గాలిబ్ దీవాన్‌ను చక్కటి అక్షరాలతో బెర్లిన్‌లో అచ్చు వేయించిందీ ఆ రోజుల్లోనే.

ఈలోగా ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది. చందాలు ఆగిపోయాయి. జామియాను మూసేద్దామని కొందరు పెద్దలు అనసాగారు. భిక్షాపాత్ర పట్టుకొని తిరిగైనా ఈ బడిని బ్రతికించాలని గాంధీజీ ధైర్యం చెప్పారు. హకీం సాహెబ్ 1925లో దానిని ఢిల్లీ కరోల్ బాగ్‌కు మార్చారు. మూసివేత మాట జర్మనీలో ఉన్న జాకీర్ హుస్సేన్‌కు చేరింది. తానూ, స్నేహితులైన ఆబిద్ హుస్సేన్, మొహమ్మద్ ముజీబ్ తమ జీవితాలను ఈ బడికే ఇస్తామని, తాము తిరిగి వచ్చేదాకా మూయవద్దని కబురు పంపారు. 1926లో ముగ్గురూ వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో జాకీర్ హుస్సేన్ షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలర్ అయ్యారు. పేరు చూస్తే పెద్ద పదవి. లోపల చూస్తే అద్దె ఇళ్ళు, ఖాళీ ఖజానా.

ఉపాధ్యాయులే యజమానులు

1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ కన్నుమూశారు. అప్పటిదాకా కష్టం వచ్చినప్పుడల్లా తన జేబు నుంచి సర్దిన పెద్దమనిషి పోవడంతో బడికి దిక్కు లేకుండా పోయింది. ప్రభుత్వ గ్రాంటు తీసుకోరాదన్నది జామియా పుట్టుకలోనే ఉన్న నియమం. మరి ఏం చేయాలి?

అప్పుడు జరిగినదే ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం అని మేము అనుకుంటాం. 1928లో ఉపాధ్యాయులే ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని పేరు అంజుమన్-ఎ-తాలీమ్-ఎ-మిల్లీ. బడి బాధ్యత మొత్తం ఆ సంఘం చేతుల్లోకి వచ్చింది. సభ్యులైన ఉస్తాదులు, నెలకు నూట యాభై రూపాయలకు మించి జీతం తీసుకోకుండా ఇరవై సంవత్సరాలు సేవ చేస్తామని ప్రతిజ్ఞ పట్టారు. జర్మనీలో డాక్టరేటు చేసినవారూ, ఆక్స్‌ఫర్డులో చదివినవారూ అందులో ఉన్నారు. జాకీర్ సాహెబ్ తన జీతం నూరు రూపాయలుగా పెట్టుకొని, తరువాత దానినీ తగ్గించుకున్నారు. ఆ కాస్త జీతం కూడా చాలా నెలలు పూర్తిగా అందేది కాదు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ జీతాల హద్దు ఏ మేనేజ్‌మెంటో పైనుంచి పెట్టింది కాదు. ఉస్తాదులు తమకు తామే పెట్టుకున్నది. అందరికంటే పైన కూర్చున్నవాడు అందరికంటే ముందు తన జీతం తగ్గించుకున్నాడు. లెక్కల పుస్తకం అందరి ముందూ తెరిచి ఉండేది. ఈ నెల ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇవ్వగలం అన్నది దాచిన రహస్యం కాదు. బడి మునిగితే తమదే, తేలితే తమదే అన్న భావం కలిగినప్పుడు మనిషి గడియారం చూసుకోడు.

ఆ ఉస్తాదులు ఒక్క పాఠాలతో సరిపెట్టుకోలేదు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ గారు హమ్‌దర్దాన్-ఎ-జామియా అనే పేరుతో ఊరూరా తిరిగి సామాన్య జనం దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేశారు. ఒక నవాబు ఇచ్చే పెద్ద మొత్తం కంటే వెయ్యిమంది ఇచ్చే చిన్న మొత్తాలే బడికి బలమని వారి లెక్క. మన హైదరాబాదు సంస్థానం నుంచి కూడా కొంత గ్రాంటు అందింది. ఆబిద్ హుస్సేన్ గాంధీజీ ఆత్మకథను ఉర్దూలోకి తెచ్చారు. మక్తబా జామియా పిల్లల కోసం చవక పుస్తకాలు, పయామ్-ఎ-తాలీమ్ అనే పిల్లల పత్రిక వేసింది. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ అనే ఉస్తాదు ప్రాథమిక తరగతుల్లో ప్రాజెక్టు పద్ధతి ప్రవేశపెట్టారు. పిల్లలే బ్యాంకు నడిపేవారు, పిల్లలే దుకాణం పెట్టి లెక్కలు రాసేవారు. అలా వడ్డీ లెక్క, లాభనష్టాల లెక్క చేతుల్లోంచి బుర్రకు ఎక్కేది. జర్మనీ నుంచి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు వనిత వచ్చి, 1943లో తాను చనిపోయేదాకా చిన్నపిల్లల సంరక్షణ చూసుకున్నారు. పిల్లలందరికీ ఆమె ఆపాజాన్. ఎవరికి ఏ పని మీద మక్కువ ఉందో చూసి, ఆ పని ఆ మనిషికి అప్పగించి, ఆపైన వేలు పెట్టకుండా ఉండడం జాకీర్ సాహెబ్ నాయకత్వంలోని అసలు సూత్రం.

1935 మార్చి 1న ఢిల్లీ శివార్లలోని ఓఖ్లా గ్రామంలో కొత్త బడి భవనానికి శంకుస్థాపన జరిగింది. అలాంటి సందర్భంలో రాయి వేయడానికి మనం ఎవరిని పిలుస్తాం? మంత్రినో, ఎమ్మెల్యేనో పిలుస్తాం. జామియావాళ్ళు తమ బడిలో అందరికంటే చిన్న విద్యార్థి అబ్దుల్ అజీజ్ చేత రాయి వేయించారు. బడి ఎవరిదో ఆ ఒక్క పనితో చెప్పేశారు.

పిల్లల మధ్య పెద్దమనిషి

జాకీర్ సాహెబ్ గురించి ఉస్తాదుల్లో తరతరాలుగా చెప్పుకునే ముచ్చటొకటి ఉంది. పిల్లలు మాసిన బూట్లతో బడికి వస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. ఒకరోజు ఉదయం పిల్లలు వచ్చేసరికి గేటు దగ్గర షేఖుల్ జామియాయే స్వయంగా బ్రష్షు, పాలిష్ డబ్బీ పెట్టుకు కూర్చుని ఉన్నారట. వచ్చిన పిల్లవాడినల్లా బూటు ముందుకు పెట్టమన్నారట. మర్నాటి నుంచి మళ్ళీ చెప్పవలసిన అవసరం రాలేదు. బెత్తం చేయలేని పని బ్రష్షు చేసింది.

ఇంకొక సంఘటన ఆయన జీవిత చరిత్రలో నమోదయి ఉంది. ప్రాథమిక పాఠశాలలో వేడుక జరుగుతోంది. జాకీర్ సాహెబ్ పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. అప్పుడే ఇంటినుంచి మనిషి వచ్చి, మూడేళ్ళ కూతురు రెహానాకు బాగా జబ్బుగా ఉందని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కొంతసేపటికి మళ్ళీ మనిషి వచ్చాడు, పాప పోయిందన్నాడు. ముఖం పాలిపోయింది గాని చెయ్యి ఆగలేదు. చివరికి ప్రమాద గంట మోగినట్లు వార్త అందరికీ తెలిసి వేడుక నిలిచిపోయింది. వెంటనే ఎందుకు వెళ్ళలేదని తరువాత అడిగిన వారితో, అంతమంది పిల్లలు సంతోషంగా ఉంటే దాన్ని మధ్యలో చెడగొట్టడానికి మనసొప్పలేదని అన్నారు. కొన్ని రోజులపాటు ఉదయం లేచేసరికి ఆయన దిండు తడిసి ఉండేదని బేగం సాహెబా చెప్పారట. కూతుళ్ళున్న తండ్రులం, ఆ స్థానంలో ఉంటే మేము పరుగెత్తుకుంటూ ఇంటికి పోయేవాళ్ళమే. అందరూ అలా చేయాలని చెప్పడానికి ఈ సంగతి రాయలేదు. బడి పిల్లల నవ్వు ఆ మనిషికి ఎంత విలువైనదో చెప్పడానికే రాశాం. పిల్లల కోసం ఆయన రుఖయ్యా రెహానా అనే పేరుతో కథలు రాసేవారు. అబ్బూ ఖాన్ కీ బక్రీ అనే మేక కథ ఉర్దూ చదివిన ఇళ్ళలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ పాప పేరు అలా కథల పుస్తకం మీద నిలిచిపోయింది.

కష్టకాలం

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభ పిలిచారు. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపని కేంద్రంగా చదువు అన్న పథకాన్ని తయారుచేసే కమిటీకి జాకీర్ హుస్సేనే అధ్యక్షులు. పిల్లల చేతిపనిని ఆదాయ మార్గంగా మార్చి చదువును పాడుచేయవద్దని ఆ నివేదికలోనే హెచ్చరించారు. కొత్త పద్ధతి పెట్టేముందు ఉపాధ్యాయుడిని తయారు చేయాలి గదా! అందుకని 1938లో జామియాలో ఉస్తాదోంకా మద్రసా, అనగా టీచర్ల శిక్షణ పాఠశాల వెలిసింది. తరువాతి కాలంలో బేసిక్ విద్య పేరుకే మిగిలిపోవడం చూసి బాధపడి, ఆ మాట బహిరంగంగానే అన్నారు.

1946 నవంబరులో జామియా రజతోత్సవం. దేశం నిప్పుల మీద ఉంది. నెహ్రూ, ఆజాద్, రాజాజీ ఒకవైపు, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఒకవైపు ఒకే వేదిక మీద కూర్చున్న అరుదైన సభ అది. దేశంలో రగులుతున్న ద్వేషాగ్నిని ఆర్పండి, ఈ మంటల్లో పిల్లలను ఎలా పెంచగలమని జాకీర్ సాహెబ్ ఆ నాయకులను బ్రతిమాలుకున్నారు. ఆ మంట ఆరలేదు. 1947 ఆగస్టులో జలంధర్ రైల్వే స్టేషనులో ఆయన ప్రాణమే పోవలసింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే అధికారి కలిసి కాపాడారు. కరోల్ బాగ్‌లోని మక్తబా జామియా పుస్తకాలు బూడిదయ్యాయి. అయినా బడి గంట మళ్ళీ మోగింది.

1948లో ఆయన అలీఘర్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరుగా వెళ్ళారు. 1928లో పట్టిన ఇరవై ఏళ్ళ ప్రతిజ్ఞ అప్పటికి తీరింది. జామియా పగ్గాలు ముజీబ్ సాహెబ్ చేపట్టి 1973 దాకా నడిపారు. నాయకుడు వెళ్ళిపోయినా బడి కూలిపోలేదంటే ఆ నాయకుడు సరైన పనే చేశాడన్నమాట. తరువాతి పదవులు అందరికీ తెలిసినవే. 1957 నుంచి బీహార్ గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. ఎంత పైకి వెళ్ళినా గులాబీ మొక్కలకు అంట్లు కట్టుకోవడం, చక్కని దస్తూరీతో రాయడం మానలేదు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. రాష్ట్రపతి భవనం నుంచి ఆయన్ను తీసుకువెళ్ళి ఖననం చేసింది తాను కట్టిన జామియా ఆవరణలోనే. 1988లో జామియా కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

మనము నేర్చుకోవలసినది

ఈ కథను తప్పుగా వాడుకునేవారు కూడా ఉన్నారు. జామియా ఉస్తాదులు అరకొర జీతానికి పనిచేయలేదా, మీరెందుకు చేయరు అని అడిగే స్కూలు యాజమాన్యాలను మేము చూశాం. అలా అడిగేవారు కథలో సగమే చదివారు. మన ఇళ్ళ ఆడపిల్లలే బి.ఇడి. చదివి ప్రైవేటు స్కూళ్ళలో చాలీచాలని జీతానికి పొద్దంతా నిలబడి పాఠాలు చెప్తున్నారు. ఆ స్కూలు లెక్కల పుస్తకం వాళ్ళకు ఎవరైనా చూపించారా? టైంటేబుల్ వేసేటప్పుడు ఒక్క మాట అడిగారా? కరస్పాండెంటు గారు తన వాటా ముందుగా తగ్గించుకున్నారా? త్యాగం చేయమని చెప్పే హక్కు మొదట త్యాగం చేసినవాడికే ఉంటుంది. ఇతరుల పొట్టమీద చేసే త్యాగానికి వేరే పేరుంది.

అలాగే సర్కారు బడుల్లో పనిచేసే మా వంటివారు కూడా ఒక సంగతి ఆలోచించుకోవాలి. జీతం సక్రమంగా వస్తున్నా, పి.ఆర్.సి. ఇచ్చినా, సాయంత్రం ఇంటికి పోయేసరికి మనసు బోసిగా ఉండే రోజులు చాలా ఉంటాయి. పిల్లవాడికి ఒక కొత్త పద్ధతిలో పాఠం చెప్పి, అది వాడికి అర్థమై కళ్ళు మెరిసిన రోజున అలసట తెలియదు. జీతం మనిషిని బడిదాకా తెస్తుంది, బడి మనదన్న భావమే లోపల నిలబెడుతుంది. రెండూ కావాలి. జీతం ఇచ్చి గౌరవం ఇవ్వకపోతే గుమాస్తా తయారవుతాడు, గౌరవం ఇచ్చి జీతం ఎగ్గొడితే మంచి టీచరు ఏడాది తిరక్కుండా వెళ్ళిపోతాడు. ఆ నష్టం ఎవరిది? పదో తరగతిలో ముగ్గురు లెక్కల మాస్టర్లు మారిన పిల్లవాడిది.

కనుక బడులు నడిపే పెద్దలకు, సదర్ ముదర్రిసులకు మా మనవి ఇంతే. నెలకొకసారి ఉపాధ్యాయులను కూర్చోబెట్టి బడి జమాఖర్చులు ముందు పెట్టండి. ఎవరికి ఏది ఇష్టమో కనుక్కొని, లైబ్రరీ ఒకరికి, తోట ఒకరికి, పిల్లల పత్రిక ఒకరికి అప్పగించి వదిలేయండి. జీతం ఆలస్యమైతే అది అందరికీ ఒకేలా ఆలస్యం కావాలి. తల్లిదండ్రులు కూడా ఏడాదికొకసారైనా బడికి వచ్చి, మార్కుల జాబితా కోసమే కాక, మా పిల్లవాడికి చదువు చెప్పేది ఎవరని అడిగి ఆ ఉస్తాదుకు ఒక సలాం చెప్పి వెళ్ళండి. దానికి ఖర్చేమీ లేదు.

హైదరాబాదులో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులు లేనివాడై, ఒక హెడ్మాస్టరు చల్లని చూపులో పెరిగిన పిల్లవాడు దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. మన బడుల్లో వెనక బెంచీలో అలాంటి పిల్లవాడు ఈ సంవత్సరం కూడా ఎక్కడో కూర్చొనే ఉంటాడు. వాడికి కావలసిన ఉస్తాదును మన బడిలో నిలుపుకోవడమే మనం జాకీర్ సాహెబ్ పేరున చేయగలిగిన పని.